తులసికోట మీద వాలే ఈగ: సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: మా పెరట్లో జామచెట్టు ఉంది, దాని పక్కనే బీరపందిరి. రెండింట్లోనూ పురుగే. అంగడిలో బిళ్ల పెట్టిన డబ్బా ఒకటి తెచ్చి మధ్యలో కట్టినాము. దాన్నిండా ఈగలు పడినాయి గాని బీరకాయలు కుళ్లేది ఆగలేదు. పొద్దున పూట తులసి ఆకుల మీద కూడా ఇట్లాంటివే కూర్చుంటాయి. అన్నీ ఒకటేనా? మూడింటిని అగ్గిపెట్టెలో పెట్టి పంపినాను.
- ఒక గృహిణి, గాంధీనగర్, బళ్లారి

సమాధానం: అగ్గిపెట్టె భద్రంగా అందిందమ్మా. తెల్లకాగితం మీద బోర్లించి భూతద్దం పెట్టి చూశాను. డబ్బాలోవని మీరు చీటీ చుట్టిన రెండూ ఒక రకం. పందిరి దగ్గర పట్టింది వేరే.

మొదటి రెండింటి వీపు దాదాపు నలుపు, అటొకటి ఇటొకటి పసుపు చారలు. పొట్ట మీద నల్లగీతలు ఇంగ్లీషు ‘టీ’ అక్షరంలా కలుసుకున్నాయి. రెక్కలు గాజులా తేటగా ఉన్నాయి, ముందంచు వెంబడి మాత్రం సన్నటి మసక పట్టీ. ఇది బాక్ట్రోసెరా డోర్సాలిస్. జామ, మామిడి అంటే దీనికి ప్రాణం. మూడోదాని వీపు ఇటుక రంగు. పక్క చారలకు తోడు నడివీపున ఇంకో చార, మొత్తం మూడు. రెక్క కొసన పట్టీ వెడల్పయి మచ్చ కట్టింది, రెక్కకు అడ్డంగా మరో మరక కూడా ఉంది. ఇది జ్యూగోడాకస్ కుకుర్బిటే. బీర, కాకర, పొట్ల, దోస పాదులన్నీ దీని సొంతం.

మీ డబ్బా సగమే పని చేసింది ఇందుకే. అందులోది మిథైల్ యూజినాల్. దానికి జామ ఈగ పరుగున వస్తుంది, బీర ఈగ తిరిగి కూడా చూడదు. బీరపందిరికి ‘క్యూ లూర్’ బిళ్ల అని అడిగి తెచ్చుకోండి. ఈగ వీపు చూడకుండా బిళ్ల కొనడం, కాలు కొలవకుండా చెప్పులు కొన్నట్టే.

ఇక తులసి సంగతి. తులసి ఆకులో మిథైల్ యూజినాల్ సహజంగానే ఉంటుంది. మగ ఈగ దాన్ని నాకి, ఒంట్లో సెంటుగా మార్చుకుని, ఆడ ఈగల్ని పిలవడానికి వాడుకుంటుంది. మీ తులసికోట దానికి అత్తరు దుకాణం! ఈ ఆకర్షణ బయటపడిందీ మన దేశంలోనే. బిహార్‌లోని పూసాలో పని చేసిన హౌలెట్ అనే కీటక శాస్త్రవేత్త, దోమలకని రుమాలుకు రాసిన సిట్రొనెల్లా నూనె మీదికి ఈగలు ఎగబడటం విని, ఆ సంగతి 1912లో రాశాడు. అక్కణ్నుంచి వెతుక్కుంటూ పోయి 1915 నాటికి మిథైల్ యూజినాల్‌ను పట్టుకున్నాడు.

ఒక మెలిక ఉంది. డబ్బాలో పడేవి మగవే. మీరు పంపిన రెండింటికీ పొట్ట కొస గుండ్రంగా ఉంది. మూడోది ఆడది, కొసన సూది కనిపిస్తోంది. ఆ సూదితోనే కాయ తోలు గుచ్చి లోపల గుడ్లు పెడుతుంది. కాబట్టి డబ్బా కట్టి ఊరుకుంటే చాలదు. రాలిన కాయల్ని దిబ్బలో వేయకండి. వాటిలోని పురుగులు బయటికి ఎగిరి దూకి, మట్టిలో దూరి ప్యూపా కట్టి, మళ్లీ ఈగలై వస్తాయి. కాయల్ని ప్లాస్టిక్ సంచిలో మూతి బిగించి ఎండలో పడేయండి. బళ్లారి ఎండ మిగతా పని చూసుకుంటుంది. జామకాయలు పండక ముందే కాగితం సంచులు తొడిగితే ఇంకా మేలు.

ప్రశ్న: ఈ ఈగ నడుం సన్నగా, పసుపు చారలతో కందిరీగలాగే ఉంది. కుడుతుందా?
- సిరుగుప్ప నుంచి ఒక రైతు

సమాధానం: కుట్టదు. ఆ వేషమంతా పక్షుల్ని బెదరగొట్టడానికి. రెక్కలు లెక్కపెట్టండి: కందిరీగకు నాలుగు, ఈగకు రెండే. వెనక జత ఉండాల్సిన చోట గుండుసూదుల్లాంటి చిన్న కాడలు ఉంటాయి. ఎగిరేటప్పుడు ఒళ్లు తూలకుండా చూసేవి అవే.

ప్రశ్న: బీర ఈగను పాత పుస్తకంలో డాకస్ అన్నారు, మా మాస్టారు బాక్ట్రోసెరా అంటారు, కొత్త కరపత్రంలో జ్యూగోడాకస్ అని ఉంది. పరీక్షలో ఏది రాయాలి?
- డిగ్రీ విద్యార్థి, అనంతపురం

సమాధానం: కొత్తదే రాయండి, పాత రెండూ తెలిసి ఉండండి. ప్రజాతి పేరు మన ఇంటిపేరు లాంటిది, ముందు వస్తుంది. జాతి పేరు సొంత పేరు. కుకుర్బిటే అనే సొంత పేరు 1899 నుంచి అలాగే ఉంది, ఇంటిపేరే మారుతూ వచ్చింది. పొట్ట మీది పలకలు ఒకదానికొకటి అతుక్కుపోతే డాకస్, విడివిడిగా ఉంటే బాక్ట్రోసెరా అనుకునేవారు. పలకల లెక్కన బీర ఈగ బాక్ట్రోసెరాలో పడింది. డీఎన్ఏ చూశాక, పాదుల మీది ఈగల గుంపు బాక్ట్రోసెరా కంటే డాకస్‌కే దగ్గర చుట్టమని తేలి, 2015లో దానికి వేరు కాపురం పెట్టించారు. మూడూ టెఫ్రిటిడే కుటుంబంలోవే.

తికమక మీ ఒక్కరిదే కాదు. 2003లో కెన్యాలో కనిపించిన ఒక ఈగకు 2005లో ‘ఇన్వాడెన్స్’ అని కొత్త జాతి పేరు పెట్టారు. పదేళ్లకు చూసుకుంటే అది మన జామ ఈగ డోర్సాలిసే!

ప్రశ్న: చీకట్లో పురుగున్న జామపండు సగం తినేశాను. ప్రమాదమా?
- పేరు వద్దన్నారు, గాంధీనగర్

సమాధానం: ఏం కాదు. మిగతా సగం మాత్రం చెట్టు కింద పారేయకండి.