పిసినారి జాక్ దగ్గర ఆర్‌జేలకు పాఠం

1948 మార్చి 28, ఆదివారం. అమెరికాలో జాక్ బెన్నీ రేడియో షో ప్రసారమవుతోంది. కథలో ఓ దొంగ తుపాకి చూపించి డబ్బిస్తావా, చస్తావా అని గద్దించాడు. బెన్నీ వేసేది పరమ పిసినారి పాత్ర. ఉలుకూ పలుకూ లేదు. ఆ మౌనానికే స్టూడియోలో జనం పగలబడి నవ్వారు. దొంగ మళ్లీ అడిగితే, ఆలోచిస్తున్నానని విసుక్కున్నాడు!

ఆర్‌జే ఉద్యోగమంటే గుక్క తిప్పుకోకుండా వాగడమే అనుకునేవాళ్లు ఈ ఒక్క ఎపిసోడ్ వింటే చాలు.

బెన్నీ అసలు పేరు బెంజమిన్ కుబెల్‌స్కీ. ఇల్లినాయ్ రాష్ట్రంలోని వాకీగన్‌లో పెరిగాడు. హైస్కూలు చదువు గట్టెక్కలేదు. వయొలిన్ పట్టుకుని నాటకశాలల్లో కుదిరాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో నేవీలో ఉన్నప్పుడు ఆయన వాయిద్యానికి తోటి నావికులు గోల చేశారట. వయొలిన్ దించి నాలుగు మాటలు విసిరితే నవ్వారు. 1932లో సొంత రేడియో షో దొరికేసరికి వయసు 38. అప్పటికే ఇరవై ఏళ్ల స్టేజీ అనుభవం ఉంది. ఆ షో 1955 దాకా నడిచింది. (తర్వాత ఎవరు వయసు అడిగినా 39 అనేవాడు, అదీ ఓ జోకే.)

షో ఆయన పేరు మీదే ఉన్నా నవ్వుల్లో సింహభాగం పక్కవాళ్లకే. నౌకరు రోచెస్టర్‌గా ఎడ్డీ ఆండర్సన్ చురకలు వేస్తే బెన్నీ నోరెళ్లబెట్టేవాడు. ఆయన డొక్కు మ్యాక్స్‌వెల్ కారు దగ్గుతూ స్టార్టయ్యే చప్పుడును మెల్ బ్లాంక్ నోటితోనే చేసేవాడు. 1940లలో స్క్రిప్టు రాయడానికే నలుగురు ఉండేవారు. రిహార్సల్‌లో పేలని మాటను కొట్టేసి మళ్లీ రాసుకునేవారు.

మన ఆర్‌జే అభ్యర్థులు పట్టించుకోనిది సరిగ్గా ఇదే. ఎఫ్ఎం స్టేషన్లో మైకు ముందు కుర్చీ ఒక్కటే ఉండదు. షో ప్రొడ్యూసర్, కాపీ రైటర్, సౌండ్ ఎడిటర్ ఉద్యోగాలూ ఉంటాయి. గొంతు మామూలుగా ఉండి కలం పదునుగా ఉన్నవాళ్లకు అవే మంచి దారులు. పైగా మన దేశంలో ప్రైవేటు ఎఫ్ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదు. కాబట్టి పాటకీ పాటకీ మధ్య వచ్చే లింకే ఆర్‌జే సరుకు. నిమిషం లింకు రాసుకుని, ఫోన్లో రికార్డు చేసి, మర్నాడు విని, సగం కోసేయండి. డెమోగా పంపాల్సింది ఆ మిగిలిన సగమే.

ఆకాశవాణి కేంద్రాలు నోటిఫికేషన్ ఇచ్చి, రాత పరీక్ష, వాయిస్ టెస్టు పెట్టి క్యాజువల్ అనౌన్సర్లను తీసుకుంటాయి. నెల జీతం ఉండదు, చేసిన డ్యూటీకే డబ్బు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదివేవాళ్లకైతే క్యాంపస్‌లోనే బోల్ హైదరాబాద్ అనే కమ్యూనిటీ రేడియో ఉంది. తడబడినా ఫర్వాలేదనుకుని మైకు అలవాటు చేసుకోవడానికి అలాంటి చోటు నయం.