ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం

ఏళ్ల తరబడి నిలబడిపోయిన అంబాసిడర్‌ని మళ్లీ రోడ్డెక్కించమని ఎవరైనా తెస్తే, చాలామంది కుర్ర మెకానిక్కులు ముందు బానెట్టే ఎత్తుతారు. కార్బురేటర్ కడుగుతారు, ప్లగ్గులు మారుస్తారు, బండి స్టార్ట్ అవుతుంది. నాలుగు కిలోమీటర్లు వెళ్లి ఆగిపోతుంది. కార్బురేటర్ మళ్లీ విప్పితే గిన్నె నిండా ఎర్రటి పొడి. అది వచ్చింది డిక్కీ కింద ఉన్న ట్యాంకులోంచి. అందుకే పాత బండి పని ట్యాంకు దగ్గరే మొదలుపెట్టండి.

ముందు ఆ ట్యాంకులోంచి గ్లాసుడు పెట్రోలు గాజు సీసాలోకి పట్టి, పది నిమిషాలు కదపకుండా ఉంచండి. పాడైన పెట్రోలు డికాక్షన్ రంగులో ఉంటుంది, పాత వార్నిష్ వాసన వేస్తుంది. అడుగున నీళ్లు గీత గీసినట్టు వేరుగా నిలుస్తాయి, వాటి కింద తుప్పు నలుసులు. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. ఆ తేమ మోతాదు మించితే రెండూ కలిసి అడుగుకి దిగుతాయి. ట్యాంకు అడుగున తుప్పు పట్టడానికి అదొక కారణం. ఆ సీసా పారబోయకండి, ఓనరుకి చూపించండి. మీ ఎస్టిమేట్ ఆయనకి అప్పుడే అర్థమవుతుంది.

ఇక జాగ్రత్త సంగతి. పెట్రోలు తీసేశాం, భయం లేదనుకుంటారు చూడండి, ప్రాణాలు పోయేది అక్కడే. నిండు ట్యాంకులో గాలికి చోటు తక్కువ. ఖాళీ చేసినదాంట్లో గాలీ ఉంటుంది, ఆవిరీ ఉంటుంది. గాలిలో నూటికి ఒకటిన్నర పాళ్ల ఆవిరి కలిసినా చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. ఆ ఆవిరి గాలికన్నా మూడింతలు బరువు, పైకి పోదు, నేలబారున పాకి పల్లంలో చేరుతుంది. కాబట్టి ఈ పని పిట్టులో చేయొద్దు. వైరు లాగిన బల్బు లైటు కూడా వద్దు; చేయిజారి పగిలిందంటే దాని ఫిలమెంటు చాలు. బండిని ఆరుబయట స్టాండ్ల మీద నిలబెట్టండి. అగ్గి ఆర్పే సిలిండరు చేతికందేలా పెట్టుకోండి.

బ్యాటరీ విప్పేటప్పుడు రంగు చూసి కాదు, బాడీకి పోయే వైరు చూసి విప్పండి. బాగా పాత బండ్లలో ప్లస్ వైపు ఎర్త్ ఉండొచ్చు. పెట్రోలు ఇనుప క్యానులోకి దించండి, ప్లాస్టిక్ బకెట్లోకి వద్దు. బోల్టులకి ముందురోజు రాత్రే తుప్పు వదిలే ఆయిలు కొట్టి ఉంచితే పొద్దున సగం కష్టం తప్పుతుంది. ట్యాంకు కింద జాకీ, జాకీ మీద చెక్క పెట్టి, బెత్తెడు దించి ఆపండి. గేజు వైరు, గాలి గొట్టం, పెట్రోలు పోసే మెడ హోసు ఊడదీశాకే పూర్తిగా దించండి. తొందరపడి లాగితే ఆ గాలి గొట్టం మొదలంటా విరుగుతుంది.

ఫ్లోట్ తీసి చెవి దగ్గర పెట్టి ఊపండి. గలగలమంటే లోపలికి పెట్రోలు చేరినట్టే, గేజు ఎప్పుడూ తప్పే చూపిస్తుంది. అది మార్చాల్సిందే.

కడగడం వేడి సబ్బు నీళ్లతో మొదలుపెట్టండి. వాసన పోయేదాకా రెండు మూడు సార్లు నింపి వంచాలి. 2000కి ముందే ఆగిన బండైతే సీసం కలిపిన పెట్రోలు ఉండి ఉండొచ్చు, చేతులకి గ్లౌజులు తప్పనిసరి. తర్వాత సబ్బు నీళ్లతోపాటు సన్న గొలుసు వేసి ఊపండి. గొలుసు ఒక కొస బయట తీగకి కట్టి ఉంచండి. నట్లు వేసేవాళ్లున్నారు, లోపలి అడ్డుగోడల మధ్య ఇరుక్కుంటే అవి బయటికి రావు.

తుప్పుకి బాత్రూం యాసిడ్ పోయకండి. తుప్పుతోపాటు పల్చటి రేకునీ తినేస్తుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు చాలు, లీటరు వేడినీళ్లకి 50 గ్రాములు. అంబాసిడర్ ట్యాంకు 54 లీటర్లదైతే దాదాపు 2.7 కిలోలు. పైకప్పుకీ తుప్పు ఉంటుంది, అంచుదాకా నింపండి. మూత తెరిచి ఒక రాత్రి వదలండి, అంతకు మించి నానబెట్టకండి. పొద్దున వంచేసి, వంట సోడా నీళ్లతో కడిగి, మళ్లీ మంచి నీళ్లతో కడగండి. తెల్లగా మెరిసే రేకు తడిగా ఉంటే గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. వెంటనే గాలి కొట్టి, ఎండలో ఆరబెట్టి, అర లీటరు పెట్రోల్లో కాస్త టూటీ ఆయిలు కలిపి లోపలంతా అంటేలా తిప్పి తీసేయండి.

చిల్లు కనబడితే వెల్డింగ్ కుర్రాణ్ణి పిలవకండి. ఎన్నిసార్లు కడిగినా రేకు మడతల్లో పెట్రోలు దాగుంటుంది, వేడికి బయటికొస్తుంది. అది ట్యాంకులు బాగుచేయడమే పనిగా ఉన్నవాళ్లకి పంపండి. రేకు చాలాచోట్ల పల్చబడిందంటే కొత్త ట్యాంకు చూసుకోమని ఓనరుకి సూటిగా చెప్పండి.

బిగించేటప్పుడు హోసులన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకంవే కొత్తవి వేయండి. లోపల కనబడే ఫిల్టర్ పెట్టండి. వంద కిలోమీటర్లు తిరిగాక బండిని మళ్లీ తెమ్మని చెప్పి ఆ ఫిల్టర్ మార్చండి.

ఈ పనికి మూడు రోజులు పడుతుంది. సాయంత్రానికల్లా కావాలనే ఓనరు వస్తే ఆ బండి పట్టుకోకండి.