ఎగుమతి గుడ్డ, ఇంటి కూలి

మన నేతగాండ్ర ఇండ్లలో ఒక ప్రశ్న తరచుగా వినబడుచుండును. "మనము నేసిన గుడ్డ సముద్రము దాటిన నేమి, పక్క సంతకు పోయిన నేమి? కూలి కూలియే గదా!" అని. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. అయినను ఆ డబ్బు ఏ దారిని వచ్చి ఎవరెవరి చేతులలో పడుచున్నదో తెలిసికొననిదే, ఆ దారి మూతపడునాడు మన ఇంటికి వచ్చు చిక్కు ముందుగా తెలియదు. ఈ పాఠమునకు మద్రాసు గళ్ళగుడ్డ కథను తీసికొందము.

చెన్నపట్నములోని చింతాద్రిపేట మనలో పలువురు ఎరిగినదే. 1734 లో గవర్నరు జార్జి మార్టన్ పిట్ కాలమున, కంపెనీ ఓడలకు కావలసిన గుడ్డ కొరకు నేతవారిని, వడుకువారిని, రంగులవారిని చేర్చి నెలకొల్పిన పేట అది. అరవములో తరి అనగా మగ్గము. "చిన్న తరి పేట" యే చింతాద్రిపేట యైనదని కొందరందురు. పేరు సంగతి ఎట్లున్నను, ఎగుమతి కొరకు ఒక పేటయే పుట్టినది. మగ్గమును నమ్ముకొని ఊరు విడిచి వచ్చిన మనవంటి వారికి ఇది వింతగా తోచదు.

ఆ పట్నము చుట్టుపట్లను, మన చీరాల ప్రాంతమునను నేసిన గళ్ళ రుమాళ్ళు పశ్చిమాఫ్రికాకు చాలకాలము పోయినవి. నైజీరియాలో సముద్రపు దరినున్న కలబరి అను జాతివారు ఈ గుడ్డను "ఇంజిరి" అందురు. పెండ్లికి కట్టుదురు, చావు వచ్చిన ఇంట శవమునుంచు గదిని ఈ గుడ్డలతోనే అలంకరింతురు. కొన్ని పోగులను కత్తితో కోసి లాగివేసి, గళ్ళలో కొత్త నమూనా తెప్పించుటయు వారి స్త్రీలకు తెలిసిన విద్య. మనము పడుగు పేకలు కలిపిన చోట వారు పోగులు తీసి సొగసు తెత్తురు! నేసిన మన వారిలో ఎందరికి ఈ సంగతి తెలిసియుండును?

ఇక అమెరికా సంగతి. 1958 లో విలియం జేకబ్‌సన్ అను బట్టల వ్యాపారి మన దేశమునకు వచ్చి, కెప్టెన్ సి. పి. కృష్ణన్ నాయరు వద్ద గజము ఒక డాలరు చొప్పున గళ్ళగుడ్డ బేరమాడెను. అందులో 10,000 గజములు న్యూయార్కులోని బ్రూక్స్ బ్రదర్స్ దుకాణమునకు చేరెను. చన్నీళ్ళలో మెల్లగా ఉతుకవలెనని నాయరుగారు హెచ్చరించిరట గాని, ఆ మాట కొన్నవారి చెవికి చేరలేదు. రంగు దిగి, ఒక గడిది మరొక గడిలో కలిసెను. గొడవ రేగెను. తుదకు దానినే గొప్పగా చాటి, ఉతికినకొద్దీ కొత్త వన్నె తేలు గుడ్డ యని ప్రకటించిరి. జనము ఎగబడి కొనిరి. దీనిని చూచి రంగు దిగినను ఫరవాలేదని ఎవరును అనుకొనరాదు. అటువంటి అదృష్టము నూటికొకరికి పట్టును. మిగిలినవారి మూటలు వెనుకకు వచ్చును.

ఇప్పుడు కొంచెము లెక్క. ఆ రోజులలో డాలరుకు సుమారు 4 రూపాయల 76 పైసలు. 10,000 గజములకు 47,600 రూపాయలు. ఒక మగ్గము దినమునకు 5 గజములు దింపుననుకొనిన 2,000 దినముల పని. ఏటికి 300 పనిదినములుగా చూచిన, దాదాపు ఏడు మగ్గములకు సంవత్సరపు పని. మగ్గముమీద కూర్చున్నవాని లెక్క మాత్రమే ఇది. చిలపలకు రంగు వేసినవారు, ఆసు పోసినవారు, గంజి పట్టినవారు, కండెలు చుట్టిన మన ఆడవారు, తానులు మడిచినవారు, మూటలు రేవునకు చేర్చిన బండివారు వేరు. కండెలు చుట్టిన చేతికి ప్రత్యేకముగా కూలి ఇచ్చిన ఇల్లు మనలో అరుదు. ఆ లెక్క ఎవరును వ్రాయలేదు.

డాలర్లు మాత్రము నేతగాని ఇంటికి రావు. అవి బ్యాంకుల ద్వారా దేశపు నిలువకు చేరును. మనకు రూపాయలు ముట్టును. 1957, 58 లలో దేశమునకు విదేశ ద్రవ్యపు కరవు వచ్చినది. యంత్రములు, ధాన్యము తెప్పించుటకు అటువంటి ద్రవ్యమే కావలెను.

మరి రాష్ట్రమునకు ఏమి లాభము? ఎగుమతి సరకుపై రాష్ట్రములు అమ్మకపు పన్ను వేయరాదని రాజ్యాంగము 286 వ అధికరణము చెప్పుచున్నది. నేటి జి.ఎస్.టి. లోను ఎగుమతికి పన్ను సున్న. కావున రాష్ట్రమునకు లాభము గుడ్డమీద కాదు, కూలిమీద వచ్చును. కూలి అందిన నేతగాడు నూనె కొనును, పిల్లవానికి చెప్పులు కొనును, ఇల్లు కప్పించును. కోమటి దుకాణము, దర్జీ, తాపీమేస్త్రి అందరును ఆ కూలిమీద బ్రతుకుదురు. పన్ను అక్కడ పుట్టును. నేతపేటలో మగ్గములు ఆగిన మొదట మూతపడునవి కాఫీ హోటళ్ళే యని చూచినవారికి తెలియును.

దారి తెరచినట్లే మూతయు పడును. నైజీరియాలో 1967 నుండి 1970 వరకు అంతర్యుద్ధము జరిగినది; ఆ యుద్ధము చేసినవారికి మన మగ్గముతో పగ యేమున్నది? అమెరికాలో గళ్ళగుడ్డ మోజును కూడ ఫ్యాషనే తెచ్చెను, ఫ్యాషనే తీసికొనిపోయెను. నిన్న మొన్నటి ముచ్చట: 2025 ఆగస్టు 27 నుండి అమెరికా మన సరకులలో చాలవాటిపై 50 శాతము సుంకము వేసినప్పుడు, తిరుప్పూరు బనియన్లవారికి, కరూరు దుప్పట్లవారికి దిగులు పట్టుకొన్నది. తువాళ్ళు నేయు షోలాపురపు మన తెలుగువారికి ఈ భయము చెప్పి తెలుపనక్కరలేదు.

ఒక్క దేశమునకే, ఒక్క షావుకారు చేతనే నేయువాని గతి ఒంటి పోగుమీద బరువు వేలాడదీసినట్లు. కాబట్టి ఆర్డరు వచ్చినప్పుడు కూలి రేటుతోపాటు మూడు సంగతులు అడుగుట మంచిది. గుడ్డ ఏ దేశమునకు? రంగు ఏది, దాని పరీక్ష ఎవరు చేసిరి? సరకు ఆగిపోయిన, నేసినంతవరకు కూలి ఇత్తురా? మూడవదానిని కాగితముమీద వ్రాయించుకొనవలెను. ఎగుమతి పని చేతినిండ ఉన్ననాడును ఇంటికొక మగ్గము చీరకు గాని పంచెకు గాని ఉంచుకొనుట మేలని నా అభిప్రాయము. కూలి తక్కువైనను సరే.

శాఖా సంఘముల కార్యదర్శులు వచ్చే కూటమునకు ముందుగా, తమ పేటలో ఎన్ని మగ్గములు ఎగుమతికి, ఎన్ని స్వదేశపు సంతకు ఆడుచున్నవో ఇల్లిల్లు తిరిగి వ్రాసికొనిరావలెను. కండెలు చుట్టువారిని కూడ ఆ లెక్కలో చేర్చవలెను.