బల్క్ కూలర్‌కు వైర్‌లెస్ సెన్సారు: తెరమీది అంకెను చదవడం ఎలా?

బల్క్ కూలరు ఉన్న సంఘాలకు తనిఖీకి వెళ్లినప్పుడు సభ్యులు ఈ మధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "ట్యాంకుకు సెన్సారు పెట్టిస్తే పాల వేడి సెల్‌ఫోనులోనే కనబడుతుందట గదండీ, ఇంక రాత్రిపూట కావలి మనిషి ఎందుకు?" అని. ఫోనులో కనబడే మాట నిజమే. కావలి అక్కరలేదన్న మాట మాత్రం నిజం కాదు. ఎందుకు కాదో తెలియాలంటే ఆ అంకె ట్యాంకు నుంచి ఫోను దాకా ఏ దారిన వస్తుందో తెలియాలి. ఈ పాఠం అందుకోసమే.

ముందు పాల సంగతి. పొదుగు నుంచి వచ్చిన పాలలో పశువు ఒంటి వేడి ఉంటుంది. ఆ వేడిలో సూక్ష్మజీవులకు పండగే. అనువుగా ఉంటే 20, 30 నిమిషాలకొకసారి రెట్టింపు అవుతాయి. పాలను 4 డిగ్రీల సెంటీగ్రేడుకు దించితే అవి చావవు గాని, పెరుగుదల బాగా మందగిస్తుంది. కనుక ఎంతకు చల్లబరిచామన్నదే గాక, ఎంత త్వరగా చల్లబరిచామన్నది కూడా ముఖ్యం. పులుపెక్కిన పాలను తర్వాత ఎంత చల్లబరిచినా బాగుపడవు. క్యాన్లలో పంపే పద్ధతిలో ఒక క్యాను పులిస్తే నష్టం ఆ క్యానుతో పోతుంది. ట్యాంకులో ఊరందరి పాలు ఒకటవుతాయి. ఒక్క రాత్రి కూలరు ఆగిందంటే, గిన్నెలు శుభ్రంగా కడిగి పాలు పోసిన సభ్యురాలి బిల్లు కూడా పోతుంది.

ఇప్పుడు అంకె ప్రయాణం. ట్యాంకులో వేడిని కొలిచే కడ్డీ ఉంటుంది. చాలాచోట్ల వాడే పి.టి. 100 రకం కడ్డీలో ప్లాటినం తీగ ఉంటుంది. దాని విద్యుత్ నిరోధం 0 డిగ్రీల వద్ద 100 ఓములు; వేడి ఒక్కొక్క డిగ్రీ పెరిగేకొద్దీ సుమారు 0.39 ఓము పెరుగుతుంది. అంటే 4 డిగ్రీల వద్ద సుమారు 101.56 ఓములన్నమాట. ఇంత చిన్న తేడాను పక్కనున్న పెట్టె కొలిచి, డిగ్రీలుగా మార్చి, రేడియో ద్వారా పంపుతుంది. దగ్గరలో వై-ఫై ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద, దూరం ఎక్కువైతే లోరా అనే పద్ధతిలో. మన దేశంలో లైసెన్సు అక్కరలేని 865–867 మెగాహెర్ట్జ్ పట్టీ లోరాకు వాడుతారు. ఆ కబురును గేట్‌వే అనే మరొక పెట్టె అందుకొని, సిమ్ము ద్వారానో రూటరు ద్వారానో ఇంటర్నెట్‌లోని సర్వరుకు చేరుస్తుంది. సర్వరు దాన్ని దాచి, గీతగా గీసి తెరమీద చూపుతుంది. ఆ తెరనే డాష్‌బోర్డు అంటున్నారు. 5 నిమిషాలకొక రీడింగు వస్తే మన పనికి చాలు. సెకనుకొకటి పంపితే పాలు త్వరగా చల్లబడవు, బ్యాటరీ మాత్రం త్వరగా అయిపోతుంది.

ఈ దారిలో ఏ ఒక్క మెట్టు ఆగినా కొత్త అంకె రాదు. అప్పుడు తెరమీద ఏమి ఉంటుంది? చాలా డాష్‌బోర్డులలో పాత అంకే ఉంటుంది! అసలు ప్రమాదం ఇక్కడే.

ఒక లెక్క చేసి చూద్దాం. ట్యాంకులో ఉదయం పాలు 600 లీటర్లు, 4 డిగ్రీల వద్ద ఉన్నాయి. సాయంత్రం 5.20కి కరెంటు పోయింది, దానితో రూటరూ ఆగింది. జనరేటరు వేసి సేకరణ జరిపారు గాని, రూటరు ప్లగ్గు ఆ లైనులో లేదు. 34 డిగ్రీల వేడితో 400 లీటర్లు ట్యాంకులో పడ్డాయి. 600ను 4తో హెచ్చిస్తే 2,400. 400ను 34తో హెచ్చిస్తే 13,600. కూడితే 16,000. దాన్ని 1,000 లీటర్లకు పంచితే 16 డిగ్రీలు. ఇది పాలన్నీ ఒక్కసారి పోసినట్లు వేసిన లెక్క. పోస్తుండగా కూలరు నడుస్తూనే ఉంటుంది గనుక కొంత తక్కువే ఉంటుంది. సేకరణ అవుతూనే డీజిల్ అయిపోయి జనరేటరు ఆగిందనుకోండి. పాలు 16కు దగ్గరగా నిలిచిపోయాయి. రాత్రి 10 గంటలకు కార్యదర్శి ఇంట్లో ఫోను తీసి చూస్తే "4.0" అని ఆకుపచ్చ రంగులో ఉంటుంది. ఆయన నిశ్చింతగా పడుకుంటాడు. తెల్లవారి మరగబెట్టి చూసే పరీక్షలో పాలు విరుగుతాయి.

కాబట్టి తెర తెరవగానే ముందు అంకెను చూడవద్దు. రీడింగు ఏ గంటకు వచ్చిందో చూడండి. 15 నిమిషాలు దాటిన రీడింగును రీడింగు లేనట్టే లెక్కించి, మనిషిని ట్యాంకు దగ్గరకు పంపండి. పాత అంకెను బూడిదరంగుగా మార్చడం, కబురు ఆగితే ఫోనుకు హెచ్చరిక పంపడం అమర్చేవారికి కష్టమైన పని కాదు. అడిగి చేయించుకోవాలి. పెట్టెకు, గేట్‌వేకు, రూటరుకు బ్యాటరీ ఆధారం తప్పనిసరి. కరెంటు పోయినప్పుడే గదా ఈ యంత్రంతో మనకు పని! నెట్‌వర్కు లేనప్పుడు పెట్టె రీడింగులను తనలో దాచుకొని, తర్వాత అసలు గంటలతో సహా పంపేదిగా ఉండాలి.

హెచ్చరిక ఎన్ని డిగ్రీల వద్ద మోగాలి? కొందరు 5 అని పెట్టించుకుంటారు. పై లెక్క చూస్తే అది ఎందుకు పనికిరాదో తెలుస్తుంది. సేకరణ జరిగే ప్రతి పూటా వేడి 5 దాటుతుంది, ప్రతి పూటా ఫోను మోగుతుంది. వారం తిరిగేసరికి దాని నోరు నొక్కేస్తారు. నాన్నా పులి కథ అందరికీ తెలిసిందే. అందుకని హెచ్చరికకు అంకెతో పాటు గడువు కూడా పెట్టాలి. సేకరణ ముగిశాక ఎన్ని గంటలలో 4కు దిగాలో కూలరు తయారీదారు పత్రంలో రాసి ఉంటుంది. ఆ గడువు దాటినా దిగకపోతే మోగాలి. దిగిన తర్వాత మళ్లీ పైకి పాకుతున్నా మోగాలి. మోగేది ఒక్కరి ఫోనులో కాదు, కనీసం ముగ్గురి ఫోనుల్లో. వారిలో ఒకరి ఇల్లు కేంద్రానికి నడిచి వెళ్లేంత దూరంలో ఉండాలి.

కడ్డీ ఎక్కడ ఉందన్నది మరొక సంగతి. మన కూలర్లలో చల్లబరిచే పలక సాధారణంగా ట్యాంకు అడుగున ఉంటుంది. పాలు కలియదిప్పే అజిటేటరు ఆగితే అడుగు పాలు చల్లగా, పై పాలు వెచ్చగా ఉంటాయి. అడుగున ఉన్న కడ్డీ 4 అంటుంది, పైన మీగడ కట్టేచోట సంగతి వేరు. కనుక అజిటేటరు మోటారు నడుస్తున్నదీ లేనిదీ తెలిపే సంకేతం కూడా తెరమీదకు రావాలి. వేడి ఒక్కటే చూపే తెర సగం తెర. కడ్డీని పాలకు తగలకుండా, దానికోసం ట్యాంకుకు ఉన్న గొట్టంలోనే దించాలి. రేడియో యాంటెన్నా ట్యాంకు వెనుక ఉండకూడదు. స్టీలు రేడియో తరంగాలను అడ్డుకుంటుంది.

కడ్డీ నిజం చెబుతున్నదా అని నెలకొకసారి పరీక్షించడం మన చేతిలోని పని. మంచుగడ్డను దంచి ఒక ఫ్లాస్కు నిండా వేసి, ఖాళీలు నిండేటంత మంచినీరు పోసి కలియబెట్టండి. కడ్డీని బయటకు తీసి శుభ్రంగా తుడిచి అందులో ఉంచండి. కొన్ని నిమిషాల తర్వాత తెర 0కు అర డిగ్రీ అటూ ఇటూ చూపాలి. అంతకు మించి తేడా ఉంటే ఆ తేదీ, తేడా రిజిస్టరులో రాసి, అమర్చినవారిని పిలిపించండి. పాత చేతి థర్మామీటరును పారేయకండి. ట్యాంకరు వచ్చినప్పుడు దానితో కూడా చూసి రెండు అంకెలూ పక్కపక్కన రాయించండి. పాలు దారిలో చెడ్డాయా, మన దగ్గరే చెడ్డాయా అన్న తగాదా వచ్చిననాడు డెయిరీ అధికారి ముందు పెట్టడానికి ఆ పుట, తెరమీది గీత రెండూ ఉంటాయి. ఒకదానికొకటి సాక్ష్యం.

సామాను కొనే ముందు పాలకవర్గం ఒప్పందంలో కొన్ని మాటలు రాయించుకోవాలి. రీడింగులు సంఘం సొత్తు. సంవత్సరం పొడుగునా పాత రీడింగులు సంఘానికి అందుబాటులో ఉండాలి. ఒప్పందం ముగిస్తే వాటిని సంఘానికి ఇచ్చి వెళ్లాలి. తెర తెలుగులో ఉండాలి. మరమ్మతుకు ఎన్ని గంటలలో మనిషి వస్తాడో రాయాలి. సిమ్ము రీచార్జి ఎవరి ఖర్చో కూడా అందులోనే తేల్చండి. డబ్బు కట్టక సిమ్ము ఆగినా తెరమీద పాత అంకే నిలబడి ఉంటుంది.