శ్వాసరోధ నిద్ర - సీపాప్ యంత్రాన్ని అలవరచుకొనుట

ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం దేహాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలని చరకసంహిత పేర్కొన్నది. రాత్రంతా గుర్రుపెట్టేవారికి గాఢనిద్ర పట్టిందని ఇంటివారు భావించడం పరిపాటి. గురక నడుమ ఊపిరి ఆగి, కాసేపటికి ఉలికిపాటుతో మరల ఆరంభమైతే అది నిద్ర కాదు, నిద్రాభంగం. గొంతు కండరాలు సడలి శ్వాసమార్గం మూసుకొనడమే ఇందుకు కారణం. పది సెకన్లకు తక్కువ కాకుండా ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో గంటకు 30 సార్లకు చేరితే వ్యాధి తీవ్రమని లెక్క. ఉదయపు తలనొప్పి, పగటి కునుకు, మందులకు లొంగని రక్తపోటు దీనిని అనుసరించి వస్తాయి.

సీపాప్ యంత్రం గదిలోని గాలినే స్వల్ప ఒత్తిడితో పంపి గొంతును తెరచి ఉంచుతుంది. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివన్ 1981లో ఈ పద్ధతిని ప్రకటించారు. అయితే మాస్కు భరించలేక తొలివారంలోనే యంత్రాన్ని అటకెక్కించేవారు తక్కువేమీ కాదు.

మెలకువగా ఉన్నపుడే దీనిని మచ్చిక చేసుకోవలెను. పగటిపూట పత్రిక చదువుతూ అరగంట మాస్కు ధరించండి. ఒత్తిడి మెల్లగా పెరిగే సౌకర్యం యంత్రంలో ఉంటే వాడుకోండి. ముఖం కడిగి ఆరిన పిదపనే మాస్కు పెట్టవలెను. నూనె గాని క్రీము గాని ఉంటే అంచు జారి గాలి కారుతుంది, కళ్లు ఎర్రబడతాయి. కడుపు ఉబ్బరించి త్రేన్పులు వస్తుంటే రాత్రి భోజనం నిద్రకు మూడు గంటల ముందే ముగించండి. అయినా తగ్గకపోతే ఒత్తిడి సరిచేయమని వైద్యుని అడగండి.

ముక్కు ఎండిపోతున్నదని పడుకొనే ముందు తైలం వేసుకొనరాదు. గాలి ఒత్తిడికి ఆ తైలం ఊపిరితిత్తులలోకి చేరే ప్రమాదం కలదు. నస్యం అలవాటున్నవారు ఉదయాన్నే, అదీ రెండు చుక్కలే, వేసుకోవలెను. రాత్రికి ఉప్పునీటి చుక్కలు, యంత్రానికి అమర్చే తేమపెట్టె చాలు. ఆ పెట్టెలో డిస్టిల్డ్ వాటర్ తప్ప కర్పూరం, నీలగిరి తైలం, పసుపు ఏవీ వేయకూడదు. మన ఇళ్లలో ఆవిరి పట్టే అలవాటు వల్ల ఈ ఆలోచన తప్పక వస్తుంది, అందుకే ఇంతగా చెప్పవలసి వచ్చింది.

రెండు మూడు గంటలకు మెలకువ వచ్చి మాస్కు తీసివేసేవారు గమనించవలసిన విషయమొకటి ఉన్నది. కలలు వచ్చే నిద్ర తెల్లవారుజామునే అధికం. చాలామందికి శ్వాసరోధం అప్పుడే ఎక్కువ. మరల ధరించి పడుకోవలెను. గ్రీష్మంలో తప్ప పగటినిద్ర శాస్త్రసమ్మతం కాదు. తప్పనిసరైతే ఆ కునుకులోనూ మాస్కు ఉండవలెను.

"ఈ గొట్టం మాన్పించి కషాయమేదైనా ఇవ్వండి" అని నన్ను అడిగేవారున్నారు. మూసుకొనిపోయే గొంతును రాత్రంతా తెరచి పట్టుకొనే కషాయం నా ఎరుకలో లేదు. యవలు, ఉలవలు, నిత్యం నడక, మద్యవర్జనం కఫమేదస్సులను తగ్గించి వ్యాధి బలాన్ని కుదించగలవు. బరువు తగ్గిన పిమ్మట మరల నిద్రపరీక్ష చేయించి, వైద్యుడు చెప్పినపుడే యంత్రం మానడం యుక్తం.