లినక్స్‌లో ఫ్లోచార్ట్ గీయాలంటే

కొత్త ఉద్యోగంలో చేరగానే లినక్స్ సిస్టం చేతికిచ్చి, వారంలోగా ప్రాసెస్ ఫ్లోచార్ట్ తయారు చేయమంటే చాలామంది ముందు విజియో కోసం వెతుకుతారు. విజియో మైక్రోసాఫ్ట్‌ది. లినక్స్‌లో ఇన్‌స్టాల్ చేసుకునే వెర్షన్ లేదు. ఆఫీసుకు తగిన మైక్రోసాఫ్ట్ 365 చందా ఉంటే బ్రౌజర్‌లో తెరుచుకోవచ్చు, అంతే. అందుకని అచ్చం విజియోలాంటిదే కావాలని వెతుకుతూ కూర్చోకండి. ఈ బొమ్మను రేపు ఎవరు మారుస్తారు, ఎన్నిసార్లు మారుస్తారు? ఈ రెండూ తేల్చుకుంటే ఏ సాఫ్ట్‌వేర్ వాడాలో దానంతటదే తేలిపోతుంది.

మౌస్‌తో లాగి డబ్బాలు పేర్చి, బాణాలు కలిపే మామూలు ఆఫీసు పనికి నా ఓటు డ్రా.ఐఓకే. బ్రౌజర్‌లో పనిచేస్తుంది, డెస్క్‌టాప్ యాప్ కూడా ఉంది. ఉబుంటు వాళ్లకు డెబ్, ఫెడోరా వాళ్లకు ఆర్‌పీఎం, ఇన్‌స్టాల్ చేసే అనుమతి లేనివాళ్లకు యాప్‌ఇమేజ్ దొరుకుతాయి. డబ్బు కట్టక్కర్లేదు. బ్యాంకులోనో ప్రభుత్వ శాఖలోనో పనిచేసేవాళ్లు డెస్క్‌టాప్ యాప్‌నే వాడండి. నెట్ లేకున్నా నడుస్తుంది, ఫైలు మీ సిస్టంలోనే ఉంటుంది.

ఇందులో చాలామంది గమనించని సదుపాయం ఒకటుంది. బొమ్మను పీఎన్‌జీగా ఎగుమతి చేసేటప్పుడు, డయాగ్రాం కాపీని కూడా అందులో చేర్చమనే టిక్కు కనిపిస్తుంది. అది పెడితే ఆ పీఎన్‌జీ చూడ్డానికి మామూలు ఫొటోలాగే ఉంటుంది గానీ, మళ్లీ డ్రా.ఐఓలో తెరిస్తే డబ్బాలూ బాణాలూ కదిలించుకోవచ్చు. ఆర్నెల్ల తర్వాత అసలు ఫైలు ఎక్కడుందని అందరినీ అడిగే పని తప్పుతుంది. అయితే ఆ బొమ్మను వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లోపలి కాపీ పోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. బయటి సంస్థకు పంపేటప్పుడు మాత్రం ఆ టిక్కు తీసేయండి, ఎడిట్ చేయదగ్గ అసలు ఫైలు వాళ్ల చేతికి వెళ్లనక్కర్లేదు.

ఎస్‌వీజీగా పంపేటప్పుడు మరో చిక్కు ఎదురవుతుంది. వేరే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే ఒక్కోసారి డబ్బాలు కనిపిస్తాయి, అక్షరాలు సరిగా రావు. డ్రా.ఐఓలో ఆ డబ్బాలన్నీ ఎంచుకుని, టెక్స్ట్ ప్యానెల్‌లో ఫార్మాటెడ్ టెక్స్ట్, వర్డ్ ర్యాప్ టిక్కులు తీసి మళ్లీ ఎగుమతి చేస్తే సరిపోతుంది.

పాత సహోద్యోగి విజియో ఫైళ్లు వదిలి వెళ్లారా? లిబ్రెఆఫీస్ డ్రాలో తెరిచి చూడండి. పాత వీఎస్‌డీ, కొత్త వీఎస్‌డీఎక్స్ రెండూ తెరుచుకుంటాయి, ఫాంట్లూ గీతలూ అక్కడక్కడా సరిచేయాల్సి రావచ్చు. తిరిగి విజియో ఫైలుగా సేవ్ చేయడం కుదరదు కాబట్టి అవతలివాళ్లకు పీడీఎఫ్ పంపాలి. చాలా లినక్స్ సిస్టంలలో డ్రా ముందే ఉంటుంది గనుక చిన్న చార్టుకు వేరే ఏదీ అక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త: డబ్బాలను మామూలు గీతతో కలపకండి, కనెక్టర్‌తోనే కలపండి. గీతతో కలిపితే డబ్బా జరిపినప్పుడు గీత అక్కడే ఉండిపోతుంది, కనెక్టరైతే డబ్బాతోపాటే వస్తుంది. మీటింగుకు పది నిమిషాల ముందు మేనేజర్ మధ్యలో ఇంకో దశ చేర్చమన్నప్పుడు ఈ తేడా ఎంతో తెలుస్తుంది.

ప్రోగ్రామర్లకూ సర్వర్లు చూసుకునేవాళ్లకూ నేను చెప్పేది వేరు. మీ డయాగ్రాం కోడ్‌తోపాటు మారుతూ ఉంటుంది కాబట్టి దాన్ని గీయకండి, రాయండి. ఏటీ అండ్ టీ ల్యాబ్స్‌లో పుట్టిన గ్రాఫ్‌విజ్ ఇందుకోసమే. అందులో ఒక బాణం ఇలా ఉంటుంది:

"దరఖాస్తు" -> "పరిశీలన"

ఇలాంటి వరుసలు రాసి ఇస్తే డబ్బాలు ఎక్కడ ఉండాలో అదే లెక్క వేసి బొమ్మ తయారు చేస్తుంది. తెలుగు పేర్లు కూడా పెట్టుకోవచ్చు. ఉన్నది మామూలు టెక్స్ట్ గనుక గిట్‌లో పెడితే ఎవరు ఏ బాణం మార్చారో వరుసతో సహా కనిపిస్తుంది. మెర్మెయిడ్ కూడా ఈ కోవదే. గిట్‌హబ్‌లోనూ గిట్‌ల్యాబ్‌లోనూ మార్క్‌డౌన్‌లో రాస్తే నేరుగా బొమ్మగా కనిపిస్తుంది కాబట్టి, టీమ్ డాక్యుమెంట్లు అక్కడే ఉంటే దీన్నే ఎంచుకోండి. కానీ ఫలానా డబ్బా కాస్త ఎడమకు జరగాలని పట్టుబట్టే పైఅధికారి ఉన్నచోట ఈ పద్ధతి పనికిరాదు. అక్కడికి మళ్లీ డ్రా.ఐఓనే.

వందల డబ్బాలున్న నెట్‌వర్క్ బొమ్మ చిక్కుపడిపోతే వైఎడ్‌లో గీసి, ఆటోమేటిక్ లేఅవుట్ నొక్కి చూడండి. అది ఉచితమే గానీ ఓపెన్ సోర్స్ కాదు. పాత పుస్తకాల్లో కనిపించే డియా ఇప్పటికీ దొరుకుతుంది, కానీ దాని అభివృద్ధి చాలా ఏళ్లుగా నెమ్మదించింది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు నేను చెప్పను. ఇంక్‌స్కేప్ పోస్టర్లకు బాగుంటుంది, రోజూ మారే ఫ్లోచార్టుకు కాదు.

తెలుగులో లేబుళ్లు రాసేవాళ్లు నోటో సాన్స్ తెలుగు ఫాంటు వేసుకుని, పంపే ముందు పీడీఎఫ్ తెరిచి ఒత్తులు విడిపోయాయేమో చూసుకోండి. తెరమీద బాగున్న అక్షరాలు ఎగుమతిలో చెదిరిపోయే అవకాశం ఉంది.

ఈ వారం మీ పనిలోంచి ఒక చిన్న ప్రాసెస్ తీసుకుని డ్రా.ఐఓలో గీసి చూడండి. ఆ ఫైలును పక్క సీటాయన తెరిచి, మిమ్మల్ని అడగకుండా ఒక దశ మార్చగలిగితే మీ టీముకు అది చాలు. మార్చలేకపోతే మీ ఇద్దరికీ తెలిసిన మరో దానికి ఇప్పుడే మారండి, ఫైళ్లు పేరుకుపోయాక మారడం కష్టం.