దీపము - గృహస్థధర్మము

‘దీప్’ ధాతువునకు వెలుగుట యని యర్థము. ‘ఇంధ్’ ధాతువునకును వెలుగుటయే యర్థము. దానినుండియే ఇంధనశబ్దము పుట్టినది. దీపమును తలచువాడు దాని వెనుకనున్న ఇంధనమునుగూడ తలపవలయునని ఈ ధాతువుల సామ్యము సూచించుచున్నట్లు తోచును.

ప్రమిదలో నూనె తరుగుట కంటికి కనబడును. ఒత్తిని ఎగద్రోసినచో నూనె త్వరగా తరుగునని ప్రతి గృహిణియు నెరుగును. విద్యుద్దీపమున కట్టి సాక్ష్యము లేదు. దానికై మండు బొగ్గు ఎక్కడనో థర్మల్ కేంద్రములో తరుగుచుండును. మన దేశమున విద్యుత్తులో అధికభాగము నేటికిని బొగ్గు వలననే లభించుచున్నది. ఒక్క యూనిట్ విద్యుత్తునకు సగటున సుమారు 700 గ్రాముల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియుచున్నది. భూమి వేడెక్కుటకు ప్రధానకారణము ఈ వాయువే.

పాతకాలపు తీగబల్బు తాను గ్రహించిన శక్తిలో నూటికి 90 పాళ్లకు పైగా వేడిగానే వ్యర్థపరచును. పేరునకు దీపము, పనికి కుంపటి! ఈ లోపమును తొలగించినది శాస్త్రజ్ఞుల తపస్సు. ఎల్.ఇ.డి. దీపములలో ఎరుపుకాంతి 1962లోనే సాధ్యమైనది. నీలికాంతి మాత్రము మూడు దశాబ్దములు చిక్కలేదు. అది లేనిదే ఇంటికి పనికివచ్చు తెల్లని వెలుగు రాదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను మువ్వురకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

అయినను విద్య పుస్తకములోను, దీపము అంగడిలోను ఉన్నంతకాలము సామాన్యునకు ఫలము లేదు. 2014 ఆరంభమున ప్రభుత్వరంగ సంస్థ యొక్క ఎల్.ఇ.డి. బల్బును 310 రూపాయలకు కొనవలసివచ్చెను. 2015 జనవరి 5న కేంద్రప్రభుత్వము ‘ఉజాలా’ పథకము నారంభించినది. కోట్లకొలది బల్బులను ఒక్కమారుగా కొందుమని చెప్పి తయారీదారులను పోటీకి పిలువగా, 2016 నాటికి ఆ వెల 38 రూపాయలకు దిగినది. రొక్కము లేనివారు కొన్నిచోట్ల విద్యుత్ బిల్లుతోపాటు నెలకు 10 రూపాయల చొప్పున చెల్లించిరి. ఇట్లు 36 కోట్లకు పైగా బల్బులు ఇండ్లకు చేరినవి. ఆంధ్రప్రదేశములోని కొన్ని జిల్లాలలో ఈ పంపకము 2014లోనే మొదలైనది.

ఇంతవరకు పండితులును, పాలకులును చేసిన పని. ఇక గృహస్థుని వంతు. వెనుక వీధియరుగుపై 60 వాట్ల బల్బును సాయంసంధ్య మొదలు రెండు గంటలు వెలిగించి ఆర్పెడివారు. ఖర్చు 120 వాట్-గంటలు. నేడు అచ్చటనే 9 వాట్ల దీపమును “చౌకయే కదా” యని రాత్రి పండ్రెండు గంటలును వెలుగనిత్తురు, ఖర్చు 108. మువ్వురు శాస్త్రజ్ఞుల కృషియు, ప్రభుత్వపు బేరమును కలసి ఆ యింట మిగిల్చినది పండ్రెండు మాత్రమే! పూర్వపు నియమముననుసరించి రెండు గంటలకే ఆర్పినచో ఖర్చు 18, మిగులు 102. దీపము మారినది, మీట నొక్కు చేయి మారవలసిన పని లేదు. అది పాత యలవాటును విడువకున్న చాలును. ఉత్సవదినములలో తోరణదీపములు కట్టుట తప్పుకాదు. ఉత్సవము ముగిసి పదిదినములైనను అవి మిణుకుచుండుటయే తప్పు.

శీతలయంత్రముల విషయమునను ఇట్లే. 2020 జనవరి నుండి నక్షత్రముద్ర గల గది ఏ.సి.లు మొదట 24 డిగ్రీలయందే ఆరంభమగునట్లు తయారు కావలెనని ఇంధన సామర్థ్య బ్యూరో సిఫారసుపై నియమ మేర్పడినది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొలది నూటికి ఆరు పాళ్ల విద్యుత్తు మిగులునని ఆ బ్యూరో లెక్క. యంత్రమును 24 వద్ద నిలుపుట చట్టమునకు సాధ్యమైనది. దానిని 18కి దించి, దుప్పటి కప్పుకొని నిద్రించువారిని వారించుట ఆ యింటి పెద్దల పని.